నాడెలో మిగిలిన కండె

మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ నేత షెడ్డు ముందు ఆటో దిగింది.

గుమ్మంలో పోలీసు జీపు ఆగి ఉంది.

ఆమె భుజాన సంచి. అందులో కొలత టేపు, వెలుతురు కొలిచే మీటరు, గాలిలో దుమ్ము పట్టే చిన్న మిషను, రబ్బరు గ్లవ్స్. చేతి పనులు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ పనిలో మనిషికి ఏ వైపు నుంచి ముప్పు రావచ్చో ముందుగా అంచనా వేయడం ఆమె ఉద్యోగం.

ఇవాళ ముప్పు ఆమెకంటే ముందొచ్చింది.

లోపల నాలుగు మగ్గాలున్నాయి. మూడింటి మీద ఎవరూ లేరు. చిట్టచివర, గోడ మూలనున్న నాలుగో మగ్గం మీద ఒక పెద్దాయన బోర్లా పడి ఉన్నాడు. కాళ్లు మగ్గం గుంటలో. ఛాతీ నేసిన బట్ట మీద. ఒక చెయ్యి ఎవరినో అందుకోబోయినట్టు పడుగు దారాల మీద చాచి ఉంది.

"మేడం, ఇవాళ షెడ్డుకి సెలవు," అన్నాడు ఎస్.ఐ. తల తిప్పకుండానే. "రేపు రండి."

"పనిచేసే చోట మనిషి పోతే నేనూ చూడాలండి."

"ఇది మీ టేపుతో కొలిచే చావు కాదు. మర్డరు."

ఆమె శవం దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం చేతులు జోడించి కళ్లు మూసుకుంది. ఎవరి బిడ్డో. ఎవరి ఎదురుచూపో. ఆ తర్వాతే సంచి కింద పెట్టింది.

ముఖం ఒక పక్కకి తిరిగి ఉంది. నోటి కొన నుంచి చొంగ కారి బట్ట మీద మరక కట్టింది. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. కింది పెదవి మధ్యలో చిన్న నీలం చుక్క.

డాక్టరు అప్పటికే వచ్చి చూసి వెళ్లాడట. పురుగుల మందు లక్షణాలేనని, మిగతాది పోస్ట్‌మార్టంలో తేలుతుందని చెప్పాడట.

"పెదవి నీలం చూశారుగా? విషం," అన్నాడు ఎస్.ఐ.

"పెదవంతా లేదండీ. చుక్కే ఉంది."

"అక్కడ మొదలయ్యుంటుంది."

"తనే తాగాడేమో?"

"సీసా ఏది? షెడ్డంతా వెతికించాను. తాగి చచ్చేవాడు సీసా దాచిపెట్టి చావడు."

అతను గుమ్మం వైపు వేలు చూపించాడు. అక్కడ మూడు గిన్నెల క్యారేజీ ఉంది. శుభ్రంగా కడిగి, గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పిడి బిగించి ఉంది.

పెద్దాయనకి పెళ్లాం పిల్లలు లేరు. షెడ్డు వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. తమ్ముడు పోయాక తమ్ముడి భార్యే రోజూ మధ్యాహ్నం భోజనం తెచ్చిపెడుతోంది. ఊళ్లో ఉన్న ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. ఇదంతా ఎస్.ఐ. ఒక్క ఊపిరిలో చెప్పాడు. చెప్పి, "ఖాళీ క్యారేజీ కడిగేసి ఉంది. ఎవరు కడుగుతారు మేడం? ఎవరికి అవసరమో వాళ్లు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ షెడ్డంతా కలియజూసింది.

గోడలకి కొత్త సున్నం. నేల ఊడ్చి ఉంది. మేకులకి మాస్కులు వేలాడుతున్నాయి. వాటి మడతలింకా విడలేదు. మూడు మగ్గాల పక్కన కొత్త ఆకుపచ్చ టబ్బులు, గుండ్రంగా, ఒకే సైజువి. ఆమెకిది కొత్త కాదు. వస్తున్నానని ముందుగా కబురు పంపడం ఆఫీసు పద్ధతి. ఆమె వెళ్లేసరికి ఏ షెడ్డయినా పెళ్లిచూపులకి సర్దిన ఇల్లులా ఉంటుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె చూసినవన్నీ పెళ్లిచూపులే. కాపురం ఒక్కటీ చూడలేదు. ఎక్కడికెళ్లినా మాటలాగిపోతాయి. చేతులు సర్దుకుంటాయి. ఆమె వెళ్లిపోయాకే పని మళ్లీ పనిలా సాగుతుంది.

"కొంచెం జరుగుతారా?" అంది ఎస్.ఐ.తో.

అతని బూటు కింద నేల మీద ఒక మరక ఉంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు. నాలుగు పలకల మరక. అంచులు తెల్లగా, పాలు ఒలికి ఎండినట్టున్నాయి.

నాలుగో మగ్గం పక్కన టబ్బు లేదు.

నేతలో అడ్డంగా నడిచే పేక దారాన్ని కండెలకి చుడతారు. కండె అంటే వేలెడంత గొట్టం. దాన్ని పడవలా ఉండే నాడెలో పెట్టి, నిలువు దారాల పడుగులోంచి అటూ ఇటూ విసురుతారు. దారం తెగకుండా, నేత బిగువుగా కూర్చోవాలని కండెల్ని ముందు నీళ్లలో నానబెడతారు. ఆ ఆకుపచ్చ టబ్బులు అందుకే.

"ఈయన కండెలు దేంట్లో నానబెట్టేవాడు?" అని అడిగింది.

షెడ్డు యజమాని ముందుకొచ్చాడు. మాటిమాటికీ రుమాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఆయన తడి కండెలు వాడడు మేడం. పొడివే. ఆయన పద్ధతి ఆయనది."

ఆమె గ్లవ్స్ వేసుకుని వంగింది. పెద్దాయన చాచిన చెయ్యి దగ్గర, పడుగు దారాల రెండు వరసల మధ్య నాడె ఇరుక్కుని ఉంది. సగం దూరం వెళ్లి ఆగిపోయింది. పైనుంచి చూస్తే కనబడదు. నెమ్మదిగా బయటికి లాగింది. లోపల కండె ఉంది.

వేలితో తాకింది.

తడిగా ఉంది.

వాసన చూసింది. రంగు వాసన కాదు. కిరసనాయిల్లాంటి ఘాటు. ముఖం వెనక్కి తీసుకుంది.

"ఎస్.ఐ. గారూ, దీన్ని సీలు చేసి ల్యాబ్‌కి పంపుతారా?"

"నాడెనా? నాడెతో కొట్టి చంపలేదు మేడం."

"పంపండి. ఏమీ లేకపోతే మీరే నవ్వుదురుగాని."

నవ్వే అవకాశం వదులుకోవడం ఇష్టంలేక అతను పంపాడు.

* * *

రెండో మగ్గం అతనికి ఊళ్లో రేడియో అని పేరు. నోరు మూతపడదు. పెద్దాయన ఎంత మాట్లాడడో ఇతను అంత మాట్లాడతాడు. ఆ మధ్యాహ్నం మాత్రం గుమ్మం మెట్టు మీద మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు.

"ఆఖరుగా ఏం మాట్లాడాడు?"

"ఆయన మాట్లాడ్డమే అరుదు మేడం. ఇవాళే రెండు మాటలన్నాడు. అదే నా ఖర్మ."

"ఏమన్నాడు?"

"భోజనం చేస్తూ, కూర చేదుగా ఉందిరా అన్నాడు. అదే ఎస్.ఐ. గారికి చెప్పాను. చెప్పాక తెలిసింది, ఆ మాట ఎవరి మెడకి చుట్టుకుందో."

"రెండో మాట?"

"లైటు పోయిందా అన్నాడు. పోలేదు. ఆయన కళ్లే మసకలయ్యాయి."

"ఎప్పుడు?"

"రెండు దాటాక. కాసేపటికే పడిపోయాడు. మేం ముగ్గురం ఆటో కోసం, డాక్టరు కోసం తలో దిక్కూ పరిగెత్తాం."

"ఆయన దగ్గర ఎవరున్నారు?"

"ఓనరు గారే."

"మగ్గం దగ్గర ఏదైనా వాసన వచ్చిందా?"

రేడియో ముఖంలో నవ్వులాంటిది మెరిసి ఆరిపోయింది. పెద్దాయన మగ్గం మూలన కాబట్టి ఎవరూ అటు వెళ్లరని చెప్పాడు. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు నూలు తెల్లబరిచే బ్లీచింగ్ తొట్ల దగ్గర చేశాడట. ఆ ఘాటుకి అప్పుడే వాసన పోయిందట.

"ఆయన ముక్కు అలంకారానికే మేడం. పక్కన పీనుగు కుళ్లినా తెలీదు," అని, అన్న మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

* * *

మర్నాడు పొద్దున ఆమె తమ్ముడి భార్య ఇంటికి వెళ్లింది. ఊళ్లో ఆవిణ్ణి క్యారేజీలావిడ అంటారు. షెడ్డులో మిగతా ముగ్గురికీ, పక్క వీధిలో కుట్టుపని చేసే ఇద్దరికీ కూడా ఆవిడే వండి పంపుతుంది. ఆ వంటే ఆవిడ బతుకుతెరువు.

అరుగు మీద క్యారేజీలు వరసగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఒకటి ఎత్తి చూసింది. బరువుగా ఉంది.

"తిరిగొచ్చినవి," అంది క్యారేజీలావిడ లోపలి నుంచి. "పొద్దున్నే పంపాను. పంపకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. మూత కూడా తియ్యలేదు ఎవరూ."

నిన్న సాయంత్రం ఆవిణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టి అడిగారు. మళ్లీ మళ్లీ అడిగారు. ఇంటికి పంపారు గానీ ఊరు దాటొద్దన్నారు. పోస్ట్‌మార్టం రిపోర్టు రాగానే అరెస్టు ఖాయమని కానిస్టేబులే చెప్పాడట, జాలిపడి.

"క్యారేజీ మీరు కడిగారా?"

"లేదు. ఎప్పుడూ ఆయనే కడిగేవాడు. నేను గుమ్మంలో నిండుది పెట్టి, కడిగినది తెచ్చుకునేదాన్ని."

"ఏం మాట్లాడుకునేవారు?"

ఆవిడ ఆలోచించింది. "ఏముంటాయండీ. మా ఆయన పోయినప్పటి నుంచి బావగారు మనిషికి మనిషిగా ఎదురుపడి మాట్లాడింది లేదు. నన్ను చూస్తే తమ్ముడు గుర్తొస్తాడేమో. ఆయన్ని చూస్తే నాకూ అంతే. కూర బాగుంటే గిన్నెలు తళతళలాడేట్టు తోమేవాడు. అదే మాట్లాడ్డం."

"మీకు భయంగా ఉందా?"

"జైలుకా?" ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాసేపు అరుగు మీది క్యారేజీలనే చూసింది. "కూర చేదుగా ఉందన్నాట్టగా. అంటే నా చేతి విషమే తిన్నాననుకుని పోయాడా? అదొక్కటి చెప్పండి చాలు. మిగతాది ఏం చేసుకుంటారో చేసుకోమనండి."

ఇన్‌స్పెక్టర్ ఎత్తిన క్యారేజీని మళ్లీ వరసలో పెట్టి వీధిలోకి దిగింది. దేవుడు అందరి ఆకలీ తీరుస్తాడంటారు. ఆ దేవుడు ఎవరి చేతుల్తో వండిస్తాడో, ఆ చేతుల్ని ఇలా ఎందుకు పరీక్షిస్తాడు? ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. నడుస్తూ తనను తనే అడిగింది.

* * *

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకి వెళ్లింది. ఈసారి కబురు లేదు.

ఎస్.ఐ. అనుమతితో మూడు మగ్గాలూ నడుస్తున్నాయి. ఆమెను చూడగానే నేతగాళ్లు మాస్కుల కోసం మేకుల వైపు లేచారు.

"వద్దు," అంది. "నేను లేననుకోండి. రోజూ ఎలా నేస్తారో అలాగే నెయ్యండి. మాస్కులు లేకపోయినా ఎవరినీ ఏమీ అనను."

"నిజంగానా మేడం?" అన్నాడు రేడియో.

"నిజంగా."

"అయితే పాట కూడా పాడతాను. మా పద్ధతదే."

"పాడు."

కానీ పాడలేదు. మూలన నాలుగో మగ్గం ఖాళీగా ఉంది. అటు చూడకుండా అందరూ తలలు వంచుకుని నేస్తున్నారు.

ఆమె రేడియో మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. గంట గడిచింది. కాళ్లు గుంటలో తొక్కుతున్నాయి. చేతులు విసురుతున్నాయి. నడుము వంగే ఉంది. అన్నీ ఆమెకి తెలిసిన ముప్పులే. నడుం నొప్పి, నూలు దుమ్ము, చాలని వెలుతురు.

నాడెలో కండె అయిపోయింది.

రేడియో ఖాళీ కండె తీసి పడేశాడు. టబ్బులోంచి తడి కండె తీశాడు. నాడెలో బిగించాడు. నాడె పక్కన చిన్న రంధ్రం ఉంది. దారం కొస దానిలోంచి బయటికి రావాలి. అతను నాడెని నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. రంధ్రానికి పెదవులు ఆనించాడు. ఒక్క పీల్పు. దారం కొస అతని నోట్లోకి వచ్చింది. నాలికతో బయటికి తోసి, వేళ్లతో లాగి, మళ్లీ విసరడం మొదలుపెట్టాడు.

ఊపిరి పీల్చినంత మామూలుగా జరిగిపోయింది.

"ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?" రేడియో కంగారుపడ్డాడు. "ఏం చెయ్యలేదే."

"నోటితో."

"ఓ, అదా? దారం లాగాను. నోటితో పీలిస్తే చిటికెలో వస్తుంది. మా తాత ఇలాగే, మా నాన్న ఇలాగే."

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఎవరు లెక్కపెట్టారు మేడం? కండె అయిపోయినప్పుడల్లా."

ఆమె అతని ముఖం వంక చూసింది. కింది పెదవి మధ్యలో, నీలం చుక్క.

"పెద్దాయన కూడా ఇంతేనా?"

"అందరం ఇంతే."

"ఆయన పొడి కండెలు వాడతాడా?"

"పొడివా?" రేడియో పకపకా నవ్వాడు. షెడ్డులో నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. "పొడి కండెతో ఈ నేత నేస్తే సాయంత్రానికి దారం ముడులే మిగుల్తాయి. ఎవరు చెప్పారు మేడం మీకు?"

ఆమె ఈ టబ్బులు ఎప్పుడొచ్చాయని మాత్రం అడిగింది. నిన్న పొద్దున్నేనట. అంతకుముందు మట్టి కుండలుండేవట. లోపలంతా రంగు చార కట్టి నల్లగా ఉంటాయి కాబట్టి ఓనరు వాటిని తీయించేశాడట. టబ్బులు మూడే తెచ్చాడు. పెద్దాయనకి ఏమిచ్చాడో రేడియో చూడలేదు. ఆ మూల ఎవరు చూస్తారు?

* * *

ల్యాబ్ రిపోర్టూ పోస్ట్‌మార్టం రిపోర్టూ మూడో రోజు పొద్దున ఒకేసారి వచ్చాయి. ఎస్.ఐ. రెండూ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

మధ్యాహ్నం షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టారు. యజమాని కుర్చీలో. రేడియో తన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని. క్యారేజీలావిడ గోడకి ఆనుకుని, ఎవరికీ దగ్గరగా కాకుండా. ఎస్.ఐ. గుమ్మంలో నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితంలో చుట్టిన వస్తువు విప్పింది.

నాడె. లోపల తడిసిన నీలం కండె.

"నాకు నేత రాదు," అంది నెమ్మదిగా. "దారం ఎలా లాగుతారో ఎవరైనా చూపిస్తారా?"

"ఇటివ్వండి మేడం," రేడియో చెయ్యి చాచాడు.

"నువ్వు కాదు. ఓనరు గారు. మీరూ నేతింట్లోనే పుట్టారు కదండీ. ఒక్కసారి నోటితో లాగి చూపించండి."

నాడెని అతని ముందుకి చాచింది.

యజమాని కదల్లేదు.

"నాకు అలవాటు పోయింది."

"ఒక్క పీల్పే కదండీ."

"పళ్లు నొప్పి."

"పెదవులు ఆనిస్తే చాలు."

ఆమె ఒక అడుగు ముందుకేసింది. అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. కుర్చీ కాలు నేల మీద కీచుమంది. ముఖం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది.

"అది నోట్లో పెట్టుకోకూడదు," అన్నాడు, తనకి తెలియకుండానే.

రేడియో చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎందుకని?"

అతను రుమాలు తీశాడు. చేతులు తుడుచుకున్నాడు.

"కండెలో ఏముందో ఈ గదిలో ఎవరికీ చెప్పలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఎస్.ఐ. గారికీ నాకూ తెలుసు. మీకెలా తెలిసింది?" నాడెని రేడియో ఒళ్లో పెట్టింది. "భయపడకు. ఇది నీదే, ఇందాక నీ మగ్గం మీంచి తీశాను. కడిగి కొత్త కండె పెట్టాను. పెద్దాయనది ల్యాబ్‌లో ఉంది."

ఆ తర్వాత ఆమె ఒక్కో ముడీ విప్పింది.

ఆ పొద్దున పెద్దాయన మగ్గం పక్కన నాలుగు పలకల డబ్బా ఉంది. పురుగుల మందు డబ్బా. పైభాగం కోసేసి, కడిగి, కండెలు నానబెట్టడానికి ఇచ్చారు. అలాంటి డబ్బా ఎంత కడిగినా అతుకుల్లో మందు మిగులుతుంది. ఆ మందు నీళ్లలో కలిస్తే పాలలా తెల్లబడుతుంది. నేల మీది పలకల మరక అదే. పెద్దాయనకి వాసన తెలీదు. పొద్దుటి నుంచి కండె మార్చినప్పుడల్లా ఆ నీళ్లే పీల్చాడు. పెదవి మీది చుక్క విషం కాదు, నీలం దారం అంటించిన రంగు. కండెలోని దారం నిండా, పొట్ట నిండా అదే మందు ఉందని రిపోర్టులు చెప్పాయి.

"పడిపోయినప్పుడు మిగతావాళ్లు డాక్టరు కోసం పరిగెత్తారు. మీరు దగ్గరున్నారు. మీ ముక్కు బాగానే పనిచేస్తుంది, వాసనకే సంగతి అర్థమైంది. డబ్బా తీసేశారు, కండెలు తీసేశారు. నాడెలో ఒక కండె మిగిలింది. అది పడుగులో ఇరుక్కుంది కాబట్టి మీకు కనబడలేదు. కనబడనిది గుర్తురాలేదు. ఆయన పొడి కండెలు వాడతాడని నాతో అన్నప్పుడు ఆ తడి కండె నా చేతికి అడుగు దూరంలో ఉంది."

"డబ్బా ఎక్కడుంది?" ఎస్.ఐ. అడిగాడు.

యజమాని తల దించుకున్నాడు.

"వెనక రంగునీళ్ల గుంటలో."

తర్వాత తలెత్తాడు. 

"చంపాలనుకోలేదు. దేవుడి మీదొట్టు. సబ్బుతో రెండుసార్లు కడిగించాను. టబ్బు ఒకటి తక్కువైంది, అంతే. కుండలు నల్లగా ఉన్నాయని, మీ కంట పడితే బాగోదని తీయించాను. మీరొస్తున్నారనే కదా మేడం!"

ఇన్‌స్పెక్టర్ ఆ మూడు ఆకుపచ్చ టబ్బుల వంక చూసింది.

ఆ నల్లటి కుండల్లో ఏళ్ల తరబడి నానిన కండెలు ఎవర్నీ ఇలా చంపలేదు. ఆమె వస్తున్నానని పంపిన కబురే వాటిని బయట పారేయించింది. తప్పు డబ్బాదా? కడిగిన చేతిదా? కబురుదా? త్రాసు పట్టుకునేవాడు పైన ఉన్నాడు. ఆయన ఎలా తూస్తాడో ఆమెకి తెలీదు. తెలిసింది ఒక్కటే.

"చంపాలనుకోలేదని నమ్ముతాను," అంది. "డబ్బా దాచాక ఈవిడ అరుగు మీదికి నిండు క్యారేజీలు తిరిగొస్తుంటే చూస్తూ ఊరుకున్నారు. అది పొరపాటు కాదు."

యజమాని ఆవిడ వైపు చూడలేకపోయాడు. ఎస్.ఐ. టోపీ సర్దుకుని, అతని భుజం మీద చెయ్యేసి, జీపు దగ్గరికి నడిపించాడు. వెళ్తూ క్యారేజీలావిడ ముందు ఆగాడు. ఏదో అనబోయాడు. గొంతు సవరించుకుని, "ఊరు దాటొచ్చమ్మా ఇంక," అన్నాడు. క్షమాపణ అడగడం అతనికి అంతవరకే వచ్చు.

రేడియో నాడెని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. దారం కొస రంధ్రం లోపలే ఉంది. నోటిదాకా తీసుకెళ్లి ఆపేశాడు. "మరి దీన్ని బయటికి ఎలా లాగాలి మేడం?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

సన్న తీగని కొక్కెంలా వంచి లాగొచ్చని ఆమె చెప్పింది. తీగ తెచ్చి ఇస్తానంది. అందరికీ.

* * *

ఎస్.ఐ. జీపు వెళ్లిపోయాక ఇన్‌స్పెక్టర్ ఆవిడతో పాటు ఇంటిదాకా నడిచింది. దారి పొడుగునా గుమ్మాల్లో మనుషులు నిలబడి చూశారు. ఎవరూ పలకరించలేదు. కబురు ఇంకా వాళ్లదాకా రాలేదేమో. వచ్చినా ఏం అనాలో తెలీలేదేమో. నిందకి రెక్కలుంటాయి. నిజం కాలినడకన వస్తుంది.

అరుగు దగ్గర ఆవిడ ఆగింది.

"నేనడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు."

"చెప్తాను," అంది ఇన్‌స్పెక్టర్. "పొద్దుటి నుంచీ ఆ మందు పీల్చి పీల్చి ఆయన నోరు ముందే పాడైపోయింది. ఆ పూట ఎవరి వంటైనా చేదుగానే ఉండేది. చేదని తెలిసి కూడా మొత్తం తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు. తిన్నాక లేచి వెళ్లి, మూడు గిన్నెలూ తోమి, మూత బిగించి, మీ కోసం గుమ్మంలో పెట్టాడు. విషం పెట్టిందనుకున్న మనిషి క్యారేజీని ఎవరూ అలా తోమి పెట్టరు. మీ మీద ఆయనకి అనుమానం లేదమ్మా."

ఆవిడ ఏడవలేదు. తల రెండుసార్లు ఊపింది. గడప మీద కూర్చుని, కాసేపటికి లేచి, లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

ఇవ్వబోతూ ఆగింది.

చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు తనే ఒక గుక్క తాగింది. ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూస్తూ మింగింది. స్టేషన్లో కానిస్టేబుల్‌కి నీళ్లందించినప్పుడూ, పక్కింటి పిల్ల నీళ్లడిగినప్పుడూ అలాగే ముందు తనే తాగి చూపించాల్సి వచ్చింది. మూడు రోజుల్లోనే అది అలవాటైపోయింది.

ఆవిడ రెండో గుక్క తాగబోతుంటే ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. తాగి చూపించక్కర్లేదు."

గ్లాసు తీసుకుని ఆ నీళ్లు చివరిదాకా తాగింది. ఖాళీ గ్లాసు తిరిగిచ్చి, అరుగు మీద చోటు చేసుకుని కూర్చుంది.

"ఆకలేస్తోంది," అంది. "ఇవాళ ఏం వండావు?"